ఇంట్లో మందులు ఎవరు ఇస్తారు?

గుండెకు బొమ్మలు తీయడం నా ఉద్యోగమని చెబితే మా బంధువుల్లో సగం మంది నేను ఎక్స్‌రే గదిలో పనిచేస్తున్నాననుకున్నారు, మిగతా సగం ఈసీజీ అనుకున్నారు. మా మేనత్త చివరి దాకా నన్ను "ఫొటోల పిల్ల" అనే పిలిచింది. మొదట్లో ఓపికగా వివరించేదాన్ని. తరువాత సరిదిద్దడం మానేశాను.

పుట్టింది కర్నూలులో, చదివింది హైదరాబాదులో, ఉద్యోగం చేసింది మాత్రం ఇంగ్లండులో. లండన్‌కి ఉత్తరాన రైలు మీద గంటలోపు వెళ్ళగలిగే ఒక ఊరి ఆసుపత్రిలో, న్యూక్లియర్ మెడిసిన్ విభాగంలో చేరి, అక్కడే ముసలిదాన్నయ్యి, 2008లో రిటైరయ్యాను. ఇప్పుడు ఇదే పనిలోకి వస్తున్న మన పిల్లలు స్లౌ నుంచీ మిల్టన్ కీన్స్ నుంచీ ఫోన్ చేసి, "ఆంటీ, మీ సర్వీసులో మర్చిపోలేని కేసు ఒకటి చెప్పండి" అంటూ ఉంటారు. వాళ్ళకు కావలసింది పోయిన ప్రాణం తిరిగొచ్చిన కథ. మా గదిలో అలాంటివి జరగవు. రోగి పడుకుంటాడు, కెమెరా నెమ్మదిగా తన పని చేసుకుంటుంది, పక్క గదిలో మేం టీ తాగుతాం. అయినా ఒకటుంది, చెబుతాను. గొప్పలు చెప్పుకుంటున్నానని మీకు అనిపిస్తే అనిపించనివ్వండి. రిటైరైన మనిషికి ఆ మాత్రం హక్కు ఉండాలి.

ముందు ఆ పరీక్ష గురించి కాస్త చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. గుండె కండరంలోకి సన్నని నరాల కొసలు వచ్చి ఉంటాయి. గుండెను తొందరపెట్టేవి అవే. గుండె నీరసించి, సరిగా కొట్టుకోలేని స్థితికి వచ్చినప్పుడు ఈ నరాలు దాన్ని ఊరికే అదిలించి అదిలించి చివరికి తాము కూడా చచ్చిపోతాయి. ఆ కొసలు ఇంకా ఎన్ని బతికి ఉన్నాయో చూడటానికి కొద్దిపాటి రేడియోధార్మికత కలిపిన మందును రక్తనాళంలోకి ఎక్కిస్తాం. బతికున్న కొసలు ఆ మందును లోపలికి తీసుకుని దాచుకుంటాయి. నాలుగు గంటల తరువాత కెమెరా కింద పడుకోబెడితే, దాచుకున్న చోటల్లా నల్లగా కనిపిస్తుంది. గుండె నల్లగా కనిపిస్తే మంచిది. ఖాళీగా కనిపిస్తే మంచిది కాదు.

2000 సంవత్సరం దాటిన కొత్తలో మాట ఇది. గుండె వేగాన్ని తగ్గించే ఒక రకం మందులు, అంతకుముందు నీరసించిన గుండెకు అసలు ఇవ్వకూడదనుకున్నవి, అప్పుడప్పుడే మెల్లమెల్లగా ఇవ్వడం మొదలుపెట్టారు. చిక్కేమిటంటే మొదటి వారాల్లో ఆ మందు మనిషిని కుంగదీస్తుంది. ఆయాసం పెరుగుతుంది, కాళ్ళు వాస్తాయి, తల తిరుగుతుంది. తట్టుకుని నిలబడినవాళ్ళకు తరువాత గుండె పుంజుకుంటుంది. ఎవరు తట్టుకుంటారు, ఎవరికి ఆ కష్టం వృథా అనేది ముందే తెలిస్తే బాగుండునని డాక్టర్లందరికీ ఉండేది. మా బొమ్మ ఆ సంగతి చెప్పగలదని మా రంగంలో ఒక ఆశ ఉండేది. మా ఆసుపత్రిలో ఆ ఆశ పెట్టుకున్న మనిషి గుండె డాక్టరు.

ఆయన ఉత్తర ఇంగ్లండు మనిషి, పొడుగు, మాట పొదుపు. నవ్వాడో లేదో తెలుసుకోవడానికి కనుబొమ్మలు చూడాలి. ఆయనకు తోడు మా విభాగంలో ఒక ఫిజిసిస్టు ఉండేవాడు, ఐర్లండు నుంచి వచ్చినవాడు, కెమెరాల బాగోగులూ అంకెల లెక్కలూ ఆయనవి. ఎంత మాట్లాడతాడంటే, ఆయన చేత ఒక ప్రశ్నకు జవాబు చెప్పించుకోవాలంటే ముందు ఆయన చిన్నాన్న పొలం సంగతి వినాలి. నాకు ఇద్దరిమీదా గౌరవమే. ఇద్దరితోనూ పోట్లాడాను.

ఇక రోగి. స్టీవెనేజ్‌లో కూతురి దగ్గర ఉంటున్న మనిషి, అరవైకి దగ్గర పడుతున్నాడు. ఊరు ఒంగోలు దగ్గర. అక్కడ చర్చిలో పాటలు నడిపించేవాడట, ఇక్కడికొచ్చాక కూడా ఆదివారం ఒక కమ్యూనిటీ హాలులో తెలుగువాళ్ళు కూడితే ఈయనే పాట ఎత్తుకునేవాడు. కూతురు ముసలివాళ్ళను చూసుకునే కేర్ హోమ్‌లో నర్సు. భార్య ఇంటిపట్టునే ఉండి మనవల్ని చూసుకునేది. ఆయనకు చక్కెర జబ్బు పాతది, గుండె జబ్బు కొత్తది. కొత్త మందు మొదలుపెట్టగానే ఒళ్ళంతా నీరొచ్చి ఒకసారి ఆసుపత్రిలో చేరి, బయటపడి, ఆ మందు పేరు చెబితేనే ముఖం తిప్పుకునే స్థితికి వచ్చాడు.

"ఈ మందు నాకు పడలా అమ్మా" అన్నాడు నాతో, సూది వెయ్యడానికి చెయ్యి చాపుతూ. తెలుగు మనిషి కనిపించగానే ఆయనకు ప్రాణం లేచొచ్చింది. "రెండు చరణాలు పాడేవోణ్ణి. ఇప్పుడు పల్లవికే ఆయాసం వస్తంది. ఈ బొమ్మలో బాగాలేదని వస్తే ఇంక నన్ను ఇబ్బంది పెట్టొద్దని చెప్పా డాక్టరుగారికి. ఓపికున్నప్పుడే విమానం ఎక్కి మా ఊరు పోతా."

అది ఊరికే అన్నమాట కాదు. గుండె డాక్టరూ ఆయనా అలాగే అనుకున్నారు. బొమ్మలో గుండె కనిపిస్తే, ఎంత కష్టమైనా ఆసుపత్రి కనిపెట్టుకుని ఉండి మందు పెంచుకుంటూ పోవాలి. కనిపించకపోతే ఆ మందు ఆపేసి, నీరు తీసే మాత్రలతో సరిపెట్టి, ఆయన కోరినట్టు పంపించేయాలి. విమానం టికెట్ల కోసం కూతురు అప్పటికే వాకబు చేస్తోంది.

ఈ పరీక్షకు ముందు కొన్ని మందులు ఆపాలి. జలుబుకు వేసుకునేవి కొన్ని, దిగులుకు ఇచ్చేవి కొన్ని, ఇంకా కొన్ని. అవి ఒంట్లో ఉంటే నరాల కొసల దగ్గర తలుపులు మూసుకుపోతాయి, మా మందు లోపలికి పోదు. అందుకే సూది వేసే ముందు అడుగుతాం. నేను ఆయన్ని తెలుగులో అడిగాను. ఆయన నోరు తెరిచేలోపు కూతురు అందుకుంది.

"ఆంటీ, డాడీ మెడికేషన్ మొత్తం నా దగ్గరే ఉంటది. మా ఫ్యామిలీ డాక్టర్, జీపీ దగ్గర్నుంచి రిపీట్ ప్రిస్క్రిప్షన్స్ అన్నీ నేనే తెస్తా. మీరు ఆపమన్నవి ఏమీ లేవు. నేను నర్సునే కదా."

"ఇంకేమన్నా వేసుకుంటున్నారా అన్నా?" అని ఆయన్నే మళ్ళీ అడిగాను.

"డాక్టరు ఇచ్చిన మందులే అమ్మా" అన్నాడు. ఇద్దరూ నిజమే చెప్పారు. భార్య ఆ పక్కనే కుర్చీలో, ఒళ్ళో స్టీలు క్యారేజీ పెట్టుకుని, మా ముగ్గురి ముఖాలూ చూస్తూ కూర్చుంది.

సూది వేశాను. ఉదయం మొదటి బొమ్మ తీశాం, అందులో పెద్దగా తేలేది ఏమీ ఉండదు. మధ్యాహ్నం రెండోది, అసలుది. ఆయన్ని పడుకోబెట్టి, చేతులు సర్ది, పక్క గదిలోకి వచ్చి తెర ముందు కూర్చున్నాను. చుక్కలు ఒక్కొక్కటీ పడుతూ బొమ్మ కట్టుకుంటోంది. కాలేయం చక్కగా నల్లబడింది. ఊపిరితిత్తులు పలచగా వచ్చాయి. గుండె ఉండాల్సిన చోట ఏమీ లేదు. కెమెరా ఆగే దాకా చూశాను, ఏమీ రాలేదు.

నాకు ఏడుపొచ్చింది, దాచుకోవడం ఎందుకు. ఎంతోమంది ఖాళీ గుండెలు చూశాను, రాత్రి అన్నం తిని పడుకున్నాను. కానీ ఈయన చెయ్యి చాపుతూ పల్లవి గురించి చెప్పిన మనిషి. గుండె డాక్టరు క్లినిక్ మధ్యలో దిగి వచ్చి, తెర చూసి, ఫిజిసిస్టు వేసిన లెక్క చూసి, తల పంకించాడు.

"పాత చక్కెర జబ్బు," అన్నాడు. "అది నరాల్ని తినేస్తుంది. నేను అనుకున్నదే. రేపు కుటుంబంతో మాట్లాడతాను."

ఆయన మాట తప్పు కాదు. చక్కెర జబ్బు ఆ పని చేస్తుంది. ఎవరు చూసినా అదే అనేవారు. ఆయన వెళ్ళిపోయాక ఫిజిసిస్టు మాత్రం లేవలేదు. కుర్చీ ముందుకు జరుపుకుని బొమ్మ పైఅంచు మీద వేలు పెట్టాడు. ఎప్పుడూ లేనిది, చిన్నాన్న పొలం జోలికి పోలేదు.

"ఇక్కడ చూడు. దవడ."

మా కెమెరా పెద్దది. ఛాతీ కోసం పెట్టినా గడ్డం దాకా వస్తుంది. దవడ కింద లాలాజలం ఊరే గ్రంథులు ఉంటాయి, వాటికీ ఇలాంటి నరాలే. ఎవరి బొమ్మలోనైనా రెండు పక్కలా రెండు మచ్చలు కనిపిస్తాయి. మేం వాటిని పట్టించుకోం, డాక్టరుకు పంపే బొమ్మలో ఆ భాగం కత్తిరించేస్తాం. ఈయన బొమ్మలో ఆ మచ్చలు లేవు.

"సూది మందు కండలోకి పోయిందేమో" అన్నాను. అది నా సూది, ముందు దాన్నే అనుమానించాను.

"కాలేయం అంత బాగా వచ్చాక సూది తప్పెలా అవుతుంది? చక్కెర జబ్బు గుండె నరాల్ని తినేస్తే తినేసింది. దవడను కూడా ఇంత శుభ్రంగా తుడిచి పెడుతుందా? ఏదో మందు ఉంది. మళ్ళీ అడుగు."

మళ్ళీ అడగడానికి వెయిటింగ్ రూముకు వెళ్ళాను. వాళ్ళు బయలుదేరడానికి కోట్లు చేతికి తీసుకుని ఉన్నారు. కూతురిని పక్కకు పిలిచి, ఇంకొకసారి ఆలోచించుకోమన్నాను. ఆ పిల్లకు కోపం వచ్చింది. పగలంతా సెలవు పెట్టి కూర్చుంది, రేపు తెల్లారే డ్యూటీ, పైగా తన పని తనకు తెలియదన్నట్టు నేను మళ్ళీ అడుగుతున్నాను.

"ఆంటీ, ఐ హావ్ టోల్డ్ యూ. నేను రోజూ కేర్ హోమ్‌లో అంతమందికి మందులు ఇస్తా. మా డాడీ మందులు నాకు తెలియవా?"

సరిగ్గా అప్పుడే చూశాను. ఆమె వెనక, గోడ మీద టీవీలో ఏదో తోటపని కార్యక్రమం వస్తోంది. ఆయన దాన్నే చూస్తూ, తల తిప్పకుండా, కుడి అరచెయ్యి పక్కకు చాపాడు. భార్య క్యారేజీ సంచిలోంచి చిన్న డబ్బా తీసి, అరచేతిలో రెండు బిళ్ళలు పెట్టింది. ఆయన వాటి వంక చూడలేదు. నోట్లో వేసుకున్నాడు. ఆమె నీళ్ళ సీసా అందించింది, తాగి, సీసా మళ్ళీ పక్కకు చాపాడు. ఆమె తీసుకుంది. ఇదంతా ఇద్దరూ ఒక్క మాట లేకుండా చేశారు.

మా నాన్న కూడా ఇంతే. మా మామగారూ ఇంతే. మా ఇళ్ళలో మగవాళ్ళు మందులు వేసుకోరు, వాళ్ళకు మందులు వేస్తారు. తెల్లదో పచ్చదో కూడా వాళ్ళు చెప్పలేరు. మేం పొద్దుటి నుంచి ఆయన్ని అడిగాం, కూతురిని అడిగాం, ఆయన నోట్లోకి ఏం పోతోందో నిజంగా తెలిసిన ఒకే ఒక్క మనిషిని వదిలేశాం.

వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను.

"ఇప్పుడేమిచ్చినావక్కా?"

"షుగరుదొకటి, నీరుడుదొకటి అమ్మా." డబ్బా తెరిచి చూపించింది. కూతురు చెప్పినవే.

"రాత్రి పూట ఏమిస్తావు?"

"రాత్రి గుండెది, కొలెస్ట్రాలుది." కాస్త ఆగింది. "ఇంక ఆ కాళ్ళ మంటలది."

"ఏం కాళ్ళ మంటలది?"

"అరికాళ్ళు మండిపోతయ్యమ్మా ఆయనకి, పడుకోనియ్యవు. మా ఊళ్ళో డాక్టరు రాసిచ్చాడు, ఇక్కడికి రాకముందే. చిన్న బిళ్ళ, అది వేస్తే నిద్ర పట్టిద్ది. అయిపోతే మా తమ్ముడు ఎవరన్నా వచ్చేవోళ్ళ చేత పంపిస్తాడు."

హ్యాండ్‌బ్యాగులోంచి అట్ట తీసింది. పేరు చదివాను. దిగులుకు ఇచ్చే పాత మందు, తక్కువ మోతాదులో నరాల మంటలకు కూడా ఇస్తారు. ఆపాల్సిన మందుల్లో అన్నిటికంటే ముందుండేది అదే. ఆ అట్ట పట్టుకుని నవ్వాలో, నెత్తి కొట్టుకోవాలో తెలియలేదు.

కూతురు వచ్చి తల్లి చేతిలో అట్ట చూసింది. నర్సు కదా, చదవగానే అర్థమైంది. ముఖం కందిపోయింది.

"అమ్మా, ఇది నాకెందుకు చెప్పలేదు? ఎప్పట్నుంచి ఇస్తున్నావు?"

"నువ్వు అడగలా గదమ్మా" అంది తల్లి. "నువ్వు తెచ్చినయ్యి నువ్వు రాసుకున్నావ్. ఇది మనూరిది."

ఆయన అప్పుడు టీవీ మీంచి చూపు తిప్పాడు. "ఏందంట?" అన్నాడు.

భార్యకు మా ముఖాలు చూసి భయం పట్టుకుంది. అట్టను చేతిలో నలుపుతూ, "నా చేత్తో నేనే ఆయన గుండె పాడుచేశానా అమ్మా?" అంది. ఆమె గొంతు ఇప్పటికీ గుర్తుంది. ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆయన గుండె జబ్బుకు కారణం అది కాదని, అది మా బొమ్మను మాత్రమే పాడుచేసిందని, ఇన్నాళ్ళూ ఆయనకు నిద్ర పట్టించింది కూడా అదేనని చెప్పాను. ఆయనకు ఎక్కువ దగ్గరగా కూర్చోకూడదు, ఆయన ఒంట్లో ఇంకా మా రేడియోధార్మిక మందు ఉంది, అయినా లేవలేదు. కూతురు ఇంకేదో అనబోతే, "నిన్ను మేం అడిగినాం, నువ్వు చెప్పినావు. అమ్మను ఎవరమూ అడగలేదు. ఇంక ఆ మాట ఇంతటితో వదిలెయ్యి" అన్నాను. కాస్త గట్టిగానే అన్నాను. ఆ పిల్ల తల్లి పక్కన కూర్చుని ఆమె భుజం మీద తల పెట్టింది.

ఇంతవరకు సులువు. అసలు గొడవ తరువాత గుండె డాక్టరుతో. ఆయన ఆ సాయంత్రమే నేను చెప్పింది విని, ముఖం చిట్లించాడు.

"ఆ మందు ఎలాగూ ఆపాలి, గుండె జబ్బుకు మంచిది కాదు. కానీ మళ్ళీ పరీక్ష ఎందుకు? మందు తేడా కొంత ఉండొచ్చు. చక్కెర జబ్బు మాత్రం ఎక్కడికీ పోదు. మళ్ళీ రేడియేషన్, మళ్ళీ వారాల తరబడి ఎదురుచూపు. ఆయనకు ఉన్న వారాలు ఎన్నో నాకు తెలియదు. వాటిని ఆయన ఇంటి దగ్గర గడపాలనుకుంటున్నాడు."

ఆయన చెప్పిందాంట్లో అన్యాయం లేదు. అందుకే నాకు మరింత కోపం వచ్చింది. అన్యాయంగా మాట్లాడేవాళ్ళతో పోట్లాట తేలిక.

"రేపు మీరు ఆయనకు ఏం చెబుతారు?" అన్నాను. "మీ గుండెలో నరాలు చచ్చిపోయాయని చెబుతారు. అది మీకు తెలుసా?"

"తెలియదు."

"రెండోసారి తీసినా ఇలాగే వస్తే అప్పుడు తెలిసి చెబుతారు. ఆయన ఊరు వెళ్ళిపోతాడు, నేనే విమానాశ్రయంలో దిగబెడతాను. కానీ ఇప్పుడు పంపిస్తే కాళ్ళ మంటల బిళ్ళ ఆయన్ని పంపించినట్టు అవుతుంది."

ఫిజిసిస్టు ఊరుకోలేదు. పాత బొమ్మలు కొన్ని, కత్తిరించనివి, బల్ల మీద పరిచాడు. అందులో పాత చక్కెర జబ్బు వాళ్ళవి కూడా ఉన్నాయి. గుండెలు పలచబడ్డా దవడలు నల్లగానే ఉన్నాయి. గుండె డాక్టరు వాటిని ఒక్కొక్కటీ తీసి చూశాడు. ఆ తరువాత కనుబొమ్మ కొద్దిగా పైకి లేచింది.

"ఈ దవడల్ని మీరు ఇన్నాళ్ళూ నాకు చూపించకుండా కత్తిరిస్తున్నారన్న మాట."

"అడగలేదు కదా మీరు" అన్నాను. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకే తెలుసు.

ఆయన ఒప్పుకున్నాడు. తనే జీపీకి ఫోన్ చేసి, ఆ బిళ్ళను మెల్లగా తగ్గించి ఆపేలా చూశాడు. మర్నాడు కుటుంబంతో మాట్లాడినప్పుడు నన్ను కూడా కూర్చోమన్నాడు. కొత్త మందు ఉన్న మోతాదులోనే ఉంచుదాం, పెంచొద్దు, మానొద్దు, రెండో పరీక్ష అయ్యే దాకా ఓపిక పట్టమని అడిగాడు. నేను ఆ మాటల్ని తెలుగులోకి మార్చి, ఆయనకు కాకుండా ఆయన భార్యకు చెప్పాను. ఆమె తల ఊపింది. ఆయన ఆమె వంక చూసి తనూ తల ఊపాడు. టికెట్ల మాట కూతురు ఎత్తలేదు.

ఆ మధ్య వారాలు వాళ్ళకు కష్టంగా గడిచాయి. బిళ్ళ ఆగాక అరికాళ్ళ మంటలు మళ్ళీ మొదలయ్యాయి. ఆమె చన్నీళ్ళలో గుడ్డ తడిపి ఆయన పాదాలకు చుట్టేదట. ఇద్దరికీ నిద్ర లేదు. ఫోన్ చేస్తే, "పర్లేదమ్మా, ప్రార్థన చేసుకుంటన్నాం, బొమ్మ బాగా రావాల" అనేది. నేను గుడికి వెళ్ళే మనిషిని, వాళ్ళు చర్చికి వెళ్ళేవాళ్ళు. ఆ వారాల్లో రెండు చోట్లా ఒకటే అర్జీ పడింది.

రెండోసారి వచ్చిన రోజు సూది వేసే ముందు ఎవర్నీ ఏమీ అడగలేదు. ఆమె ముందు చెయ్యి చాపాను. ఆమె హ్యాండ్‌బ్యాగు మొత్తం నా బల్ల మీద బోర్లించింది. బిళ్ళల డబ్బా, తాళాలు, బస్సు టికెట్లు, వక్కపొడి పొట్లం. కూతురు నవ్వేసింది, ఆ కుటుంబం నా ముందు నవ్వడం అదే మొదటిసారి.

మధ్యాహ్నం పక్క గదిలో మేం ముగ్గురం నిలబడి ఉన్నాం. గుండె డాక్టరు క్లినిక్ ఆపుకుని వచ్చాడు. సాధారణంగా అందరం తెర మధ్యలో గుండె కోసం చూస్తాం. ఆ రోజు ముగ్గురం తెర పైఅంచునే చూస్తున్నాం. చుక్కలు పడుతున్నాయి. దవడకు ఒక పక్క కాస్త మసక కట్టింది, తరువాత రెండో పక్క. ఫిజిసిస్టు నా భుజం తట్టాడు. అప్పుడు కిందికి చూశాను. ఛాతీలో ఎడమ వైపు ఒక నీడ. మొదట నా కళ్ళను నమ్మలేదు. నీడ చిక్కబడింది. కింది భాగం పలచగానే ఉండిపోయింది, అది చక్కెర జబ్బు తిన్న వాటా. మిగతాదంతా ఉంది.

గుండె డాక్టరు తెర దగ్గరికి వంగాడు. "ఇదిగో," అన్నాడు మెల్లగా, "ఉన్నాడు."

ఆ మాటకు ఇన్నేళ్ళ తరువాత కూడా నా ఒళ్ళు పులకరిస్తుంది. గర్వం అంటే అదే అయితే, అవును, గర్వమే.

తరువాతి కథ బొమ్మల్లో లేదు, ఓపికలో ఉంది. మందును పిసరంత పెంచడం, ఆగడం, కాళ్ళు వాస్తే నీటి మాత్ర పెంచడం, మళ్ళీ పిసరంత. మధ్యలో ఒకసారి ఆసుపత్రిలో చేరాడు, ఇంక నా వల్ల కాదన్నాడు. "బొమ్మలో గుండె ఉందని చూపించారు గదా, మూసుకుని మింగు" అని భార్య కసిరిందట. ఆ మాట కూతురే నాకు ఇంగ్లీషులో చెప్పింది, తెలుగులో చెబితే బాగుండదని. ఏడాది తిరిగేసరికి ఆయన కారు పార్కింగు నుంచి మా అంతస్తు దాకా మెట్లెక్కి వచ్చి, "ఊరికే చూసిపోదామని వచ్చా అమ్మా" అన్నాడు. లిఫ్టు పనిచేస్తూనే ఉంది. మెట్లెక్కగలనని చూపించడానికే వచ్చాడు.

"ఇప్పుడు మందులు నేనే చూసుకుని వేసుకుంటన్నా. పేర్లన్నీ నేర్చుకున్నా" అన్నాడు.

"అబద్ధం" అంది వెనక నుంచి భార్య.

ఆ క్రిస్మస్‌కి నన్ను వాళ్ళ హాలుకి పిలిచారు. బిర్యానీ వాసన, పిల్లల గోల, మడత కుర్చీలు. ఆయన లేచి పాట ఎత్తుకున్నాడు. పల్లవి అయింది. మొదటి చరణం అయింది. నేను ఊపిరి బిగబట్టి రెండో చరణం కోసం చూస్తున్నాను. అది కూడా పాడాడు, చివర్లో కాస్త గాలి పీల్చుకుని. పాట అయిపోయాక అందరూ చప్పట్లు కొడుతుంటే నేను కొట్టలేకపోయాను. పేపరు ప్లేటు పట్టుకుని కూర్చుండిపోయాను.

ఒక నిజం కూడా చెప్పాలి, లేకపోతే మీరే నన్ను పట్టుకుంటారు. ఆ మందు ఇవ్వాలా వద్దా అని ఈ రోజుల్లో ఎవరూ ఆ బొమ్మను అడగరు. తట్టుకోగలిగిన వాళ్ళందరికీ ఇస్తున్నారు, కనిపెట్టుకుని పెంచుతున్నారు. మేం పెట్టుకున్న ఆశ వేరే దారి పట్టింది, ఆ పరీక్ష ఇంకో రకం పనులకు పోయింది. మా గుండె డాక్టరు రిటైరయ్యే ముందు, "మనం చేసినదాంట్లో ఏం మిగిలింది?" అని అడిగాడు, నవ్వుతూనే. ఏం మిగిలిందో నాకు అప్పటికే తెలుసు, ఆయనకు చెప్పలేదు. ఆయనకు కనిపించేంత దగ్గర్లోనే ఉంది, కనుక్కోనీ అనుకున్నాను.

ఆ రెండో పరీక్ష చేసిన వారమే మా విభాగం అడిగే ప్రశ్నల్లో ఒకటి చేర్పించాను. మీరు ఏ మందులు వాడుతున్నారు అన్న ప్రశ్నకు ముందు అడగాలి: ఇంట్లో మీకు మందులు ఎవరు ఇస్తారు? మొదట్లో కొందరు విసుక్కున్నారు, తెల్లవాళ్ళకు ఇలాంటివి ఉండవన్నారు. నేను పట్టు వదల్లేదు.

నేను దిగిపోయే ఏడాది కొత్తగా ఒక పోలండు అమ్మాయి చేరింది, చురుకైన పిల్ల. ఒకరోజు పరీక్షకు వచ్చిన ఇంగ్లీషు పెద్దాయన్ని ఆ పిల్ల అదే ప్రశ్న అడుగుతుంటే తలుపు దగ్గర నిలబడి విన్నాను. పాత సైనికుడిలా నిటారుగా కూర్చున్న మనిషి. ప్రశ్న వినగానే ఒక్క క్షణం తటపటాయించి, వేలితో కారిడార్ వైపు చూపించాడు. అక్కడ కూర్చున్న ఆయన భార్య లేచి, హ్యాండ్‌బ్యాగు తెరుస్తూ లోపలికి వచ్చింది. అందులోంచి ఏ డాక్టరూ రాయని ఒక జలుబు మందు సీసా బయటపడింది. పరీక్షను వేరే రోజుకు మార్చాం.

వాళ్ళు వెళ్ళిపోయాక ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చింది.

"నేను చదివిన చోట ఈ ప్రశ్న లేదు. ఇంతకుముందు పనిచేసిన ఆసుపత్రిలోనూ లేదు. ఇది ఎక్కడి నుంచి వచ్చింది?"

"ఒంగోలు నుంచి" అన్నాను.

అదేదో పెద్ద ఆసుపత్రి అనుకుని ఆ పిల్ల గౌరవంగా తల ఊపింది. నేను సరిదిద్దలేదు.